గంగారాం కళ్ళు తెల్లబడ్డాక

2012. దోహా శివార్లలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ లేబర్ క్యాంప్. గ్యాస్ డబ్బుతో ఊరంతా భవనాలు లేస్తున్న రోజులు. వాటిని కట్టేవాళ్ళు డ్యూటీ దిగి మా క్యాబిన్ క్లినిక్ ముందు లైను కట్టేవారు. నేను అక్కడ మేల్ నర్సును. మాది కాకినాడ. గల్ఫ్‌లో మగ నర్సును బ్రదర్ అంటారు. తెలంగాణ వాళ్ళు మర్యాద తగ్గకుండా 'బ్రదర్ సారు' అనేవారు.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన గంగారాం షట్టరింగ్ కార్పెంటర్, అంటే కాంక్రీటు పోసేముందు చెక్క అచ్చులు బిగించేవాడు. ఒకరోజు పచ్చబడిన కళ్ళతో వచ్చాడు. "ఎంత తాగుతావు?" అన్నాను. నేనడిగిన మొదటి ప్రశ్న అదే. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"తాగ సారు. మాల ఏసుకున్నప్పటి సంది బంద్ జేసిన. ఇవి పసిరికలు. నెల సంది పత్యం జేస్తున్న. ఉప్పు, నూనె ముట్టలే."

పసిరికలంటే వాళ్ళవైపు కామెర్లు. పత్యంతో మనిషి సగమయ్యాడు తప్ప పచ్చదనం తగ్గలేదు. హెపటైటిస్ వైరస్ పరీక్షలన్నీ నెగెటివ్. 'అన్‌ఫిట్' అని రాసి ఇంటికి పంపేయమన్నాడు క్యాంప్ బాస్. కాలేయం రోజురోజుకూ పాడవుతోంది. కారణం తెలియకుండా పంపితే ఊళ్ళో మళ్ళీ ఆకు పసరుతో మొదలుపెడతారని నా భయం. బతిమాలి రెండు వారాలు గడువు తీసుకున్నాను.

మొదటి డాక్టరు లివర్ టానిక్ రాశాడు. రెండో ఆయన పిత్తాశయంలో రాళ్ళన్నాడు, స్కాన్‌లో ఏమీ లేవు. రిఫరల్ కాగితం కోసం నాలుగు కౌంటర్లు తిరిగాక పెద్దాసుపత్రిలో హెపటాలజిస్టు దొరికింది. అంటే కాలేయం జబ్బులు మాత్రమే చూసే డాక్టరు. సూడాన్ ఆవిడ. యాంటీబాడీ పరీక్షలు చేయించి, బయాప్సీ చేసింది. సూదితో కాలేయం ముక్క చిన్నది తీసి చూడటమన్నమాట.

తేలింది ఆటోఇమ్యూన్ హెపటైటిస్. జబ్బుల నుంచి కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ సొంత కాలేయం మీదే పడుతుంది. అరుదైన జబ్బు, మగవాళ్ళలో మరీ తక్కువ. స్టెరాయిడ్, దానికి తోడు ఇంకో మాత్ర, ఏళ్ళ తరబడి వేసుకోవాలి. ఉన్నట్టుండి ఆపకూడదు.

బయట లైనులో జనం. గంగారాంకి పది నిమిషాల్లో చెప్పేశాను. "ఇవి రోజూ వేసుకో. కామెర్లు తగ్గిపోతాయి." ఫైల్లో 'రోగికి వివరించడమైనది' అన్నచోట టిక్ పెట్టాను.

నిజంగానే తగ్గాయి. రెండు నెలలకు కళ్ళు తెల్లబడ్డాయి, మనిషి సైటుకెక్కాడు. తర్వాతి రక్తపరీక్షకు మాత్రం రాలేదు. నేనూ వెతకలేదు. ఓ సాయంత్రం రూమ్‌వాళ్ళు రెండు చేతులూ పట్టుకుని తీసుకొచ్చారు. కళ్ళు మళ్ళీ పచ్చన, పొట్ట ఉబ్బిపోయింది.

"గోలీలు?" అన్నాను.

"పసిరికలు దిగినంక బంద్ వెట్టిన సారు. దిగినంక గూడ ఇంగ్లిష్ మందు ఏసుకుంటే కడుపు కరాబైతదని అందరన్నరు. మీరు గూడ తగ్గిపోతయనే అన్నరు గద."

మనవైపు కామెర్లు వస్తాయి, పోతాయి. పోయాక మందు వేసుకునేవాడు ఎక్కడా లేడు. ఆ సంగతి తెలిసి కూడా, చెప్పడం సులువని కామెర్లనే అన్నాను.

మూడు వారాలు వార్డులో ఉన్నాడు. బతికాడు. కానీ కాలేయంలో మచ్చలు పడ్డాయి. "మొదటిసారి ఇవి లేవు" అంది డాక్టరమ్మ, గొంతు పెంచకుండానే. తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

ఇంటికి పంపేముందు హైదరాబాద్‌లో కాలేయ నిపుణుడెవరో కనుక్కుని, ఆవిడతో ఉత్తరం రాయించాను. తర్వాత గంగారాంను కూర్చోబెట్టి, ఫోన్‌లో అతని భార్యను కలిపాను. ఈసారి చెప్పి వదిలేయలేదు, చెప్పిందంతా తిరిగి అతన్నే అడిగాను.

"నీ జబ్బేంటి?"

"ఒంట్ల కావలి ఉన్నోడే నా కార్జాన్ని కొడుతున్నడు సారు. కండ్లు తెల్లగైనా వాడు ఊకోడు."

"గోలీలు ఎప్పుడు ఆపాలి?"

"డాక్టర్ జెప్పినప్పుడే."

"నేను దగ్గరుండి ఏపిస్త సారు," అంది ఫోన్‌లో ఆమె. "కండ్లు జూసి మోసపోం."

రోగి తన జబ్బును తన మాటల్లో నాకు చెప్పేదాకా టిక్ పెట్టకపోవడం అప్పట్నుంచి నా పద్ధతి. నేర్చుకున్నది నేను. దెబ్బతిన్నది మాత్రం గంగారాం కాలేయం.