హేమ ఓర్చుకున్న నొప్పి

2019, మే నెల. చిత్తూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో, అంటే అత్యవసర కేసులు ముందుగా వచ్చే గదిలో, నర్సుగా పనిచేస్తున్నాను. ఆ మధ్యాహ్నం బంగారుపాళ్యం దగ్గర ఆటో బోల్తాపడి ఆరుగురిని ఒకేసారి తెచ్చారు. ఆ గోలలోనే పదహారేళ్ల హేమను వాళ్లమ్మ సుగుణమ్మ నడిపించుకుంటూ వచ్చింది.

"నిన్న పొద్దున్నించి కడుపునొప్పి సిస్టర్. నెలసరి నొప్పే అనుకుంటా," అంది తల్లి.

మేము ప్రతి రోగినీ పెయిన్ స్కోర్ అడుగుతాం. సున్నా అంటే నొప్పి లేదని, పది అంటే భరించలేనంత అని.

"ఎంత ఉండాది పాపా?"

హేమ తల్లి ముఖం చూసింది. "రెండు," అంది.

రెండు అని రాసి, బల్ల మీద కూర్చోబెట్టి, రక్తం కారుతున్నవాళ్ల దగ్గరికి పరుగెత్తాను.

అరగంట తర్వాత అటు చూస్తే, బల్ల అంచును పట్టుకున్న పిల్ల వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. చెమటకు చున్నీ తడిసిపోయింది. నాడి నూట ముప్పై. పొట్ట కుడివైపు వేలు ఆనించగానే కళ్లలోంచి నీళ్లు జారాయి. నోట్లోంచి మాత్రం చప్పుడు లేదు.

"ఆడబిడ్డ కదా సిస్టర్, ఓర్చుకుంటాదిలే," అంది సుగుణమ్మ.

"నువ్వు కాసేపు బయటుండమ్మా," గట్టిగానే అన్నాను.

తలుపు మూయగానే హేమ నా చెయ్యి పట్టుకుంది. "పది అక్కా. నిన్నట్నించీ పదే. అరిస్తే మాయమ్మకు నామర్దా."

స్కానింగ్‌లో ఓవేరియన్ టార్షన్ అని తేలింది. అండాశయం మెలిపడి, దానికి రక్తం అందడం ఆగిపోయింది. ఇక ప్రతి నిమిషమూ నష్టమే. తల్లి సంతకం తీసుకుని, స్ట్రెచర్ నేనే తోసుకుంటూ ఆపరేషన్ థియేటర్‌కు పరుగెత్తాను.

చాలాసేపటికి డాక్టరుగారు బయటికొచ్చారు. కుడి అండాశయం నల్లబడిపోయింది, తీసేయక తప్పలేదన్నారు. ఎడమది బాగుంది, పిల్లకు ప్రాణభయం లేదు.

సుగుణమ్మ నా వైపు తిరిగింది. "ఈ బిడ్డను కనేటప్పుడు మాయమ్మ నా నోట్లో కొంగు కుక్కింది సిస్టర్, వీధిలోకి నా గొంతు వినపడకూడదని. నొప్పిని బయటికి చెప్పుకోనిదే ఆడదనింది. నేనూ అదే నేర్పిస్తి."

ఆమె ఒక్కదాన్నే తప్పుపట్టలేను. మధ్యాహ్నం ఏడవకుండా బల్ల మీద కూర్చున్నందుకు హేమ భుజం తట్టి "మంచిపిల్ల" అని వెళ్లింది నేనే కదా.

సాయంత్రం మత్తు వదిలాక హేమ పళ్లు బిగబట్టింది. సుగుణమ్మ ఆమె మీదికి వంగి, "అరువు తల్లీ, ఎవురు విన్నా ఫర్వాలేదు," అంది. పిల్లకు వెంటనే చేతకాలేదు. కాసేపటికి సన్నగా మూలిగింది.

అప్పటినుంచి గదిలో ఎంత గోల ఉన్నా, చప్పుడు చేయకుండా కూర్చున్న ఆడపిల్ల దగ్గరికే ముందు వెళ్తున్నాను. తల్లిని బయటికి పంపాకే నొప్పి ఎంతని అడుగుతున్నాను.