సుట్టినాము అనే మాట

మా ఇంట్లో దోశెలూ సుడతారు, బీడీలూ సుడతారు. గుడియాత్తంలో తెలుగు మాట్లాడే ఇళ్ళలో చాలావాటిలో ఇంతే. అరవంలో సుడడమంటే కాల్చడం. దానికి మా తెలుగు తోక తగిలించి "దోశె సుట్టినావా మే" అంటాం. ఇక తెలుగులో చుట్టడాన్ని కూడా మా నోళ్ళు సుట్టడమనే పలుకుతాయి. చిత్తూరు నుంచి వచ్చిన బంధువులు మొదటి రోజు నవ్వుతారు, రెండో రోజుకు వాళ్ళూ అలాగే అంటారు. ఇందులో చిక్కేమీ లేదు. మనిషి పెనం ముందు కూర్చుందా, బీడీ ఆకుల చాట ముందు కూర్చుందా అన్నది చూస్తే ఏ సుట్టుడో తెలిసిపోతుంది.

చిక్కంతా మా తాత దగ్గర వచ్చింది.

మా అమ్మ తండ్రి పెద్ద యుద్ధంలో తెల్లవాళ్ళ పటాలంలో చేరి బర్మాకు పోయి వచ్చాడు. వేలూరు చుట్టుపక్కల ఇదేమీ వింత కాదు, వీధికొక మిలిటరీ ఇల్లుంటుంది. కాకపోతే మిగతా మిలిటరీ తాతలు నోరు తెరిస్తే మూయకుండా యుద్ధం కథలే చెప్పేవాళ్ళు. మా తాతకు యుద్ధం మొత్తం ఒక్క మాట. "పందొమ్మిది మందిని సుట్టినాము, వడ్ల గాదె కాడ." మధ్యాహ్నం అన్నం తిని తిన్నె మీద కూర్చున్నప్పుడు, ఎవరూ అడగకుండానే అనేవాడు. అని, వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టేవాడు. పందొమ్మిది దగ్గర ఆగి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. నాకు పద్నాలుగేళ్ళున్నప్పుడు పోయాడు. చనిపోయిన వారంలో కూడా అదే మాట.

యుద్ధంలో దిక్కులేకుండా పడి ఉన్న పందొమ్మిది శవాలకు తాతా, ఆయన తోటి సిపాయిలూ గుడ్డలు చుట్టారు. ఇదీ మా ఇంటి కథ. కోతల కాలంలో ఆయన కళ్ళం వైపు అడుగు పెట్టేవాడు కాదు. ఒడుగత్తూరులో ఎవరో బంధువు ఇంటికి పోయి, వడ్లు ఇంటికి చేరి గది తలుపు వేశాకే తిరిగి వచ్చేవాడు. "పాపం, ఆ పీనుగులు కండ్ల ముందర ఆడతాయి. మెత్తని మనసు" అనేవాళ్ళు పెద్దవాళ్ళు. నేను బడిలో ఆయన మీద అరవంలో వ్యాసం రాసి బహుమతి తెచ్చుకున్నాను. తర్వాత వేలూరులో చరిత్ర టీచరునై, యుద్ధం పాఠం వచ్చిన ప్రతి ఏడూ పిల్లలకు ఈ కథ చెప్పాను. తలచుకుంటే ఇప్పుడు నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

అయినా నా వ్యాసం పోతే పోయింది. అమ్మ సంగతి అది కాదు.

మాది భూములున్న కుటుంబం. మా ఆడవాళ్ళు చావు ఇంటికి పోతే గుమ్మం దగ్గర నిలబడి, నాలుగు కన్నీళ్ళు కార్చి, ఇంటికొచ్చి స్నానం చేస్తారు. అమ్మ ఆ గుమ్మం దాటింది. ఆమెకు ఇరవై ఏళ్ళప్పుడు వీధి చివర లుంగీలు నేసే ఒక ముసలామె, ఎవరూ లేనిది, చచ్చిపోతే ముట్టుకునేవాళ్ళు లేకపోయారట. అమ్మ పోయి నీళ్ళు పోసి, తల దువ్వి, కాలి బొటనవేళ్ళు కలిపి కట్టి, తెల్ల గుడ్డ చుట్టి వచ్చింది. ఇంట్లో పెద్ద గొడవ. "మా నాయన పరాయి దేశంలో ముక్కూ మొకం తెలీనోళ్ళకి చేసినాడు. నేను మన వీధిలోవాళ్ళకి చెయ్యకూడదా?" అని అడిగిందట.

అప్పటి నుంచి ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఏ ఆడమనిషి పోయినా అమ్మ కోసం మనిషి వస్తుంది. ఏ కులమని అడగదు. కరోనా నెలల్లో సొంత కొడుకులే వీధి మొగలో నిలబడితే, ముక్కుకు చీర కొంగు కట్టుకుని పోయింది. నేను ఫోన్ చేసి అరిచాను, ఏడ్చాను. వినలేదు. ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళు లేవవు, అయినా పోతుంది. అమ్మకు చదువు లేదు, ఊరు దాటి చూసింది లేదు. నేనెవరు అని అడిగితే చెప్పుకోవడానికి ఆమెకు ఉన్నది ఈ ఒక్క పనే.

పోయిన సంవత్సరం గుడియాత్తంలో మాజీ సైనికుల సంఘంవాళ్ళు తమ హాలు గోడకు పాత సిపాయిల పేర్లతో రాతి పలకలు పెట్టాలనుకున్నారు. ఒక్కొక్కరి గురించి ఒక్కో వాక్యం. మా తాత వాక్యం రాసి ఇమ్మని నన్నే అడిగారు. సంఘం పెద్ద ఒక రిటైరైన సుబేదారు, అరవాయన, తెలుగు ముక్క రాదు. దిక్కులేని శవాలకు వస్త్రం చుట్టిన వీరుడు అని అరవంలో అందంగా రాసుకుని పోయాను. ఆయన చదివి, బాగుందన్నాడు. మీ తాత సొంత మాట ఏదైనా ఉంటే అదే వేద్దాం టీచర్, జనానికి పడుతుంది, అన్నాడు.

సొంత మాటే కదా, చెప్పాను. తాత అన్నట్టే, తాత గొంతుతోనే అన్నాను. "పందొమ్మిది మందిని సుట్టినాము."

ఆయనకు తెలుగు రాదు. కాబట్టి ఆయన చెవికి పడింది అరవం మాట ఒక్కటే. సుట్టోమ్. కాల్చాము. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఎంతమందిని అన్నారు, అని అడిగాడు. పందొమ్మిది అన్నాను, అరవంలో. యుద్ధంలోనా, శత్రువులనా అన్నాడు. తుపాకి పక్కన ఆ మాటను పెట్టి చూస్తే ఏమర్థం వస్తుందో మా ఇంట్లో మూడు తరాలకు తట్టలేదు. తెలుగు తెలియని మనిషికి ఒక్క క్షణం పట్టింది. ఆయన ఇంకేమీ అడగకుండా నాకు మజ్జిగ తెప్పించాడు. నేను తాగలేకపోయాను.

కాట్పాడిలో పెద్ద యూనివర్సిటీ లైబ్రరీలో నా పాత విద్యార్థిని ఒకామె పనిచేస్తుంది. ఆమెను పట్టుకుని తాత పటాలం గురించి దొరికినవన్నీ తీయించాను. ఆ పటాలం పేరు ఇక్కడ రాయను. పటాలం వాళ్ళే వేయించుకున్న లావు పుస్తకం ఒకటి, అటువైపు బర్మా పల్లెవాళ్ళ జ్ఞాపకాలు ఎవరో అడిగి రాసుకున్న సన్న పుస్తకం ఒకటి. లావు పుస్తకంలో పతకాలు, పాటల బృందం, ఫుట్‌బాల్ పోటీలు. జపానువాళ్ళకు బియ్యం ఇచ్చారన్న అనుమానం మీద పల్లెలకు పోయిన వారాలు మాత్రం ఒక్కో వాక్యం. పల్లెను శుభ్రం చేశారు. ఆ పై పల్లెను శుభ్రం చేశారు. ఏటి ఒడ్డున ఇంకొక దాన్ని శుభ్రం చేశారు. నేనూ ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పినదాన్నే, ఇలాంటి వాక్యాల మీద నుంచి ఎన్నిసార్లు నడిచి పోయి ఉంటానో.

సన్న పుస్తకంలో అవే పల్లెలు. ఒకచోట ఇళ్ళకు నిప్పు పెట్టారు. ఒకచోట మగవాళ్ళను కట్టేసి ఏటిలోకి తోశారు. ఆ పటాలం వస్తుందంటే ఆ ప్రాంతంలో పశువులను వదిలేసి అడవి పట్టేవారట. ఏటి ఒడ్డు పల్లె గురించి చెప్పినామె అప్పటికి చిన్నపిల్ల. వెదురు పొదలో దాక్కుని చూసిందట. నల్లని సిపాయిలు, మా భాష రానివాళ్ళు, అంది. వడ్ల గాదె ముందు మనుషులను వరసగా నిలబెట్టారు. అందులో ఇద్దరు ఆడవాళ్ళు, ఒకాయన బడిపంతులు. ఆ పిల్ల లెక్కపెట్టింది. పందొమ్మిది.

మా తాత తుపాకి పేలిందో లేదో ఏ పుస్తకంలోనూ లేదు. కానీ ఆయన "సుట్టినారు" అనలేదు. "సుట్టినాము" అన్నాడు. నేను పుస్తకం మూసి, అక్కడే బల్ల మీద తల పెట్టుకున్నాను. తాత మీద కోపం, అంతకంటే ఆయన ఒళ్ళో కూర్చుని ఆ వేళ్ళు పట్టుకుని ఆడుకున్నందుకు నా మీద కోపం.

సుబేదారుకు ఫోన్ చేసి పలక వద్దన్నాను. ఆయన సరేనని, నేను వద్దన్న సంగతి మా అమ్మకు కూడా ఫోన్ చేసి చెప్పాడు. మంచివాడే, బుద్ధి లేదు.

ఆదివారం వేలూరు నుంచి బస్సెక్కి అమ్మ దగ్గరికి పోయాను. దారంతా ఒక అబద్ధం తయారు చేసుకున్నాను, పలక మీద చోటు చాలలేదని. అమ్మ వసారాలో ఆకుకూర ఒలుస్తోంది.

"రాయి వద్దన్నావంటనే. ఏంటికి మే? నాయన్ని గురించి వాళ్ళేమన్నా తప్పుగా అనుకున్నారా?"

నా అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ నేను అడిగింది వేరు. "అమ్మా, తాత ఎప్పుడన్నా గుడ్డ అన్నాడా?"

"ఏం గుడ్డ?"

"సుట్టినాము అన్నాడు కదా. గుడ్డ సుట్టినామని ఆయన నోటితో అన్నాడా?"

అమ్మ చెయ్యి ఆగింది. "నాకప్పుడు తొమ్మిదేండ్లుంటాయి. దేంతో సుట్టినారు నాయనా అని అడిగితిని. నాయన పలకలేదు. మా యమ్మ బీడీలు సుడతా ఉండింది. గుడ్డతోనే, ఇంకేంతో సుడతారు, పోయి నీళ్ళెత్తకరా పో, అనింది."

"తాతేమన్నాడు?"

"మా యమ్మ తట్టు చూసినాడు. శానా సేపు చూసినాడు. అంతే."

అప్పుడు మొత్తం చెప్పేశాను. సుబేదారు, పుస్తకాలు, గాదె, లెక్కపెట్టిన పిల్ల. ఎందుకు చెప్పావు అని నన్ను నేను ఈ రోజుకూ అడుగుతూనే ఉన్నాను. నిజం అమ్మకు తెలియాలని కాదు. నేనొక్కదాన్నే మోయలేకపోయాను, అంతే.

అమ్మ ఏడవలేదు. "వాళ్ళకి ఎవురు కప్పినారు?" అని అడిగింది.

ఊరివాళ్ళు వచ్చి కప్పారని అనుంటే సరిపోయేది. "ఎవురూ కప్పలేదు మా. భయపడి ఎవురూ తిరిగి రాలేదంట. మూడు దినాలు వానలోనే ఉన్నారంట."

"నేను నాయనకి కప్పినాను" అంది అమ్మ. ఆకుకూర తట్ట పక్కకు నెట్టి లోపలికి పోయింది. ఆ తర్వాత ఆ మాట మా మధ్య రాలేదు.

ఇది తెలుగులో రాస్తున్నాను. చిత్తూరు బస్సుల బోర్డులు చూసి ముప్పై దాటాక నేర్చుకున్న అక్షరాలు నావి. మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళే గాని చదివేవాళ్ళు లేరు. వాళ్ళకు తెలియకూడదనే తెలుగులో రాస్తున్నాను, దాచడం ఎందుకు.

మరుసటి ఆదివారం కూడా పోయాను. పొద్దున్నే పక్క వీధి నుంచి ఒక కోడలు పరిగెత్తుకుని వచ్చింది. ఆమె అత్త, బీడీలు చుట్టి నలుగురు పిల్లలను పెంచిన మనిషి, తెల్లవారుజామున పోయింది.

"పెద్దమ్మా, మా అత్త పోయింది. వస్తావా?"

అమ్మ కూర్చున్నచోటి నుంచి లేవలేదు. "నేను రాను మా. వేరేవాళ్ళని పిలుచుకోండి."

"ఒంట్లో బాగలేదా?"

"ఒళ్ళు బాగానే ఉండాది. నా చెయ్యి ఆమెకి తగలకూడదు."

ఆ పిల్ల మొహం మాడిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత ఈ ముసలామెకు తన కులం గుర్తొచ్చిందనుకుంది. అది కాదమ్మా అని వెంట పోయాను. మరేమిటని అడిగితే ఏం చెప్పాలి? గేటు దగ్గరే ఆగిపోయాను. ఆమె వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. పన్నెండు దాటాక గోడ వైపు చూస్తూ అంది. "పోయి చూసి రా మే. ఎవురు కప్పినారో కనుక్కో."

పోయాను. షామియానా కింద బెంచీ మీద ఆమెను పడుకోబెట్టారు. రాత్రి కట్టుకున్న చీరే ఒంటి మీద ఉంది. నీళ్ళు పోయలేదు. బొటనవేళ్ళు విడివిడిగా ఉన్నాయి. కొత్త తెల్ల గుడ్డ మడత విప్పకుండా తల దగ్గర పెట్టి ఉంది. కోడలు విసనకర్రతో ఈగలు తోలుతోంది. నన్ను చూసి లేచింది. ఆమె గొంతులో కోపం లేదు.

"ఇంకా ఎవురూ ముట్టుకోలేదక్కా. పెద్దమ్మ చెయ్యే తగలాలని మా అత్త చెప్పిపెట్టి పోయింది. ఆమె వచ్చేదాకా ఎత్తము."