మొరం నేలలో కోనసీమ కాలువ

2001 జూలై, ఒక ఆదివారం. లాల్‌గడి మలక్‌పేట్‌లో కొత్తగా వేసిన లేఅవుట్‌లో చివరి ప్లాటు. అక్కడ ఉన్నవారు: ఇంటి యజమాని రామ్మోహన్‌రావుగారు, ఆయన భార్య పద్మావతిగారు, పక్క చేను రైతు మల్లమ్మ, నేను.

అప్పట్లో నేను శామీర్‌పేట మండలానికి ఉద్యాన అధికారిని. రైతుల పండ్ల తోటలు, కూరగాయల మడులు చూడడం మా పని. ఇళ్ల పెరళ్లు మా పరిధిలోకి రావు. అయితే మల్లమ్మకూ ఆ ఇంటివారికీ వచ్చిన తగాదా ఒక రైతు పంట గురించి కాబట్టి, నా పై అధికారి అయిన సహాయ సంచాలకులు వెళ్లి చూసి రమ్మన్నారు.

పద్మావతిగారిది కోనసీమ. అక్కడి తోటల్లో పైన కొబ్బరి, దాని నీడలో పోక, అరటి, అడుగున కంద, పసుపు ఉంటాయి. ఒకే నేలలో అంతస్తులుగా పంట. ఇక్కడ ఇంటి చుట్టూ అలాంటిదే పెంచాలని ఆమె మామిడి, జామ, మునగ, కరివేపాకు, వాటి మధ్య పసుపు, అల్లం పెట్టారు. ఎంపిక బాగుంది. నాటిన తీరు మాత్రం పుట్టింటిది. డెల్టాలో నీరు ఎక్కువ కనుక మొక్కను మట్టి దిబ్బ మీద పెట్టి, పక్కన కాలువ తీసి నీటిని బయటికి పంపేస్తారు. ఇక్కడా అదే చేయించారు. మొదటి వానకే ఆ కాలువ నీరంతా దిగువనున్న మల్లమ్మ నారుమడిలో పడి టమాట నారు కొట్టుకుపోయింది. ఆమె మళ్లీ విత్తనం పోసింది. మొలకలు ఇంకా వేలెడైనా లేవు. ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఇదీ పోతే ఆమెకు ఈ వానకారు టమాట లేనట్టే.

“ఏంది సారూ, వాల్ల చెట్లకు దూప గాదు, నా నారుకు ఈత రాదు,” అంది మల్లమ్మ. “గీపారి నీళ్లొస్తే పార వట్టుకొచ్చి నేనే కాలువ పూడుస్త. మల్ల నన్నేమనొద్దు.”

“పూడిస్తే నీళ్లు నిలబడి వేళ్లన్నీ కుళ్లిపోతాయండి,” అన్నారు పద్మావతిగారు. “మా ఊళ్లో ఎన్ని చూళ్లేదు!”

“గిది మీ ఊరు గాదు గదమ్మా!”

రామ్మోహన్‌రావుగారు టీ తెస్తానని లోపలికి వెళ్లి, గొంతులు తగ్గేదాకా బయటికి రాలేదు.

ఇలాంటి వాదన మాటలతో తేలదు. మోకాటి లోతు గుంట తవ్వి, ఒకసారి బాగా తడిపి, మళ్లీ నీళ్లు నింపి, ఎంత త్వరగా ఇంకుతాయో చూడాలి. కాలువ పక్కనే తవ్వాను. రాళ్లు కలిసిన ఎర్ర మొరం. మేం టీ తాగడం పూర్తయ్యేసరికి గుంట అడుగు కనిపించింది. పద్మావతిగారు వంగి లోపల చేయి పెట్టి చూశారు. “ఇంకోసారి పోయండి,” అన్నారు. అవీ ఇంకిపోయాయి.

“అయితే నా మొక్కల నీళ్లు నేనే పారబోసుకుంటున్నానన్నమాట,” అన్నారామె.

సాయంత్రంలోగా కాలువలో అక్కడక్కడా అడ్డుకట్టలు వేశాం. దిబ్బల మీది మొక్కలను వేళ్ల మట్టితో సహా నేల మట్టానికి దించి నాటి, చుట్టూ లోతుగా పాదులు చేశాం. పసుపు, అల్లం దుంప పంటలు కాబట్టి వాటిని మాత్రం కొంచెం ఎత్తు మడుల్లోనే ఉంచాం. చెట్లు ఎదిగి నీడనిచ్చేదాకా ఆ మడులకు ఎండ తగలకుండా పడమటి వైపు కంది విత్తమన్నాను. కాలువ నోరు మూసే పని మల్లమ్మ ఎవరికీ ఇవ్వలేదు, తానే చేసింది.

ఆ రాత్రి గట్టి వాన పడింది. మర్నాడు ఉదయం ఆఫీసుకు వెళ్తూ అక్కడ స్కూటరు ఆపాను. కాలువలో అడ్డుకట్టల వెనక నీరు చాలావరకు ఇంకిపోయి బురద మిగిలింది. మల్లమ్మ నారు నిటారుగా నిలబడి ఉంది. ఆమె కంచె దగ్గర నుంచి పిలుస్తోంది.

“ఓ అమ్మా! గీ కంచెకు దొండ తీగ వెట్టు. నీ దిక్కు కాసినయి నీయి, నా దిక్కు కాసినయి నాయి.”

“తీగంతా మీ వైపే పాకితేనో?”

“పాకనియ్యి. ఎండ నా దిక్కే మంచిగుంటది మరి!”

పద్మావతిగారు నవ్వుతూ, దొండ తీగ ముక్కలు ఎక్కడ దొరుకుతాయని నన్ను అడిగారు.

అంతస్తుల తోటకు ప్లాను గీసేవారు సాధారణంగా పైనున్న పెద్ద చెట్టుతో మొదలుపెడతారు. నేను మాత్రం ఆ తర్వాత ఉద్యోగమున్నంత కాలం ముందు గుంట తవ్వి నీళ్లు పోశాను. అవి ఇంకే తీరు చూశాకే చెట్ల పేర్లు రాశాను.