ముందే చేసి పెట్టమన్న కుర్చీలు

ఆయన వడ్రంగి. ఒకప్పుడు ఇళ్లకు తలుపులూ కిటికీలూ చేసేవాడు. ఇప్పుడు కుర్చీలే చేస్తాడు. అవీ చిన్నపిల్లలకే, అందులోనూ మెడ నిలపలేని పిల్లలకే. వీధిలో అందరూ కుర్చీల మామయ్య అంటారు. ఈ పని ఎవరు నేర్పారని అడిగితే, ‘మా బుజ్జి’ అంటాడు. బుజ్జి ఆయన కూతురు. పదమూడేళ్లు. మాట రాదు.

బుజ్జి పుట్టిన రోజున ఆయన ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. లోపల జరిగిందంతా తర్వాత భార్య చెప్పింది. ఆరు మంచాలకు ఒక్క నర్సమ్మ. బిడ్డ గుండె చప్పుడు అరగంటకోసారి వినాలని గోడ మీద రాసి ఉంది. రెండు గంటల పాటు ఎవరూ వినలేదు. విన్నప్పుడు అది బాగా నెమ్మదించి ఉంది. బొడ్డుతాడు బిడ్డ మెడకు రెండు చుట్లు తిరిగి బిగిసింది. పెద్ద డాక్టరు వేరే ఆపరేషన్లో ఉన్నాడు. ఆయన వచ్చేసరికి ఇంకో నలభై నిమిషాలు గడిచాయి.

బిడ్డ నీలంగా, తడిగుడ్డలా వాలిపోయి వచ్చింది. ఏడవలేదు. ఊపిరి ఊదే సంచి అక్కడే ఉంది గానీ దానికి బిగించిన తొడుగు పెద్దవాళ్ల ముఖానికి సరిపోయేది. పసిబిడ్డ ముక్కూ నోరూ కప్పే చిన్న తొడుగు ఏ అల్మారాలో ఉందో ఎవరికీ తెలియలేదు. దాన్ని వెతికి తెచ్చేలోగా ఎన్ని నిమిషాలు గడిచాయో ఏ కాగితంలోనూ లేదు.

మర్నాటికి ఫిట్స్ వచ్చాయి. పాలు చప్పరించడం రాలేదు. నెలలు గడిచేకొద్దీ కాళ్లూ చేతులూ కర్రల్లా బిగుసుకున్నాయి. నొప్పులప్పుడు కోడలు సరిగ్గా ముక్కలేదు, అందుకే ఇలా అయిందని వడ్రంగి తల్లి నలుగురి దగ్గరా అంది. ఆయన కాదనలేదు. అలా కాదనకపోవడాన్ని భార్య ఇప్పటికీ మరిచిపోలేదు.

బుజ్జికి ఏడాది నిండాక కాళ్లు సాగదీయించడానికి తీసుకెళితే, అక్కడి ఫిజియోథెరపీ మేడమ్ మొదటిసారి విడమరిచి చెప్పింది. పుట్టేటప్పుడు మెదడుకు ఆక్సిజన్ అందకపోతే నిమిషాల్లోనే దెబ్బ తగులుతుందనీ, ఒంటిని కదిలించే భాగాలు ఎక్కువగా దెబ్బతింటాయనీ, అవి మళ్లీ మొలవవనీ చెప్పింది. పిల్లకి అన్నీ అర్థమవుతుండవచ్చు, ఒళ్లే మాట వినదు.

ఆయన నేల చూస్తూ అడిగాడు.

“మా ఆవిడ తప్పేమైనా ఉందా మేడమ్?”

“గుండె చప్పుడు వినాల్సింది ఆవిడ కాదు కదండీ.”

ఆ మాట ఇంట్లో చెప్పడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. భార్య విని, ముద్ద కలుపుతూనే జవాబిచ్చింది. “నాకెందుకు చెబుతున్నారు? మీ అమ్మకి చెప్పండి.”

ఆయన తల్లికి చెప్పాడు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ తర్వాతే మొదటి కుర్చీ చేశాడు. ఒడిలో వాల్చుకుని తినిపిస్తే బుజ్జికి ప్రతి ముద్దా పొలమారేది. తలుపు చేయగా మిగిలిన చెక్కతో తలకు రెండు పక్కలా ఆపు పెట్టాడు. కాళ్లు కత్తెరలా ముడుచుకోకుండా మోకాళ్ల మధ్య గుండ్రటి దిమ్మ బిగించాడు. అంచులన్నీ చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్ది, తన చెంపకి ఆనించి చూసుకున్నాడు. ఆ రోజు బుజ్జి పొలమారకుండా తిని, తండ్రిని చూసి నవ్వింది.

ఆ కుర్చీ చూసి ఒకరు, వాళ్లని చూసి ఇంకొకరు వచ్చారు. “కుర్చీ కోసం కొట్టుకునేవాళ్లని ఊరంతా చూస్తుంది. కుర్చీ చేతికొస్తే ఏడ్చేవాళ్లు నా దగ్గరికే వస్తారు” అనేవాడు. నవ్వించాలనే అనేవాడు గానీ ఎవరూ నవ్వేవారు కాదు.

కొలతలు తీసుకుంటూ బిడ్డ ఎక్కడ పుట్టిందని అడగడం ఆయనకు అలవాటైంది. నాలుగేళ్లలో నలభై ఒక్క కుర్చీలు చేస్తే, పంతొమ్మిది మంది బుజ్జి పుట్టిన గదిలోనే పుట్టినవాళ్లు. ఆ సంగతి పట్టుకుని సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లాడు. ఈ జబ్బు అందరికీ కాన్పులోనే రాదనీ, కొందరికి కడుపులో ఉండగానే వస్తుందనీ, తాము దేవుళ్లం కాదనీ సూపరింటెండెంటు అన్నాడు. అందులో నిజం లేకపోలేదు. మేడమ్ కూడా ఆ మాటే చెప్పింది. అందుకే ఆయన లేచి ఇంటికొచ్చేశాడు.

ఏడాది తిరక్కుండా ఆ సూపరింటెండెంటు దగ్గర్నుంచే కబురొచ్చింది. ఈసారి కూర్చోమన్నారు, టీ ఇచ్చారు. ఆయన పనితనాన్ని మెచ్చుకుని, సూపరింటెండెంటు అసలు విషయానికొచ్చాడు.

“ఓ దాత ముందుకొచ్చాడు. పది కుర్చీలు చేసి పెట్టండి. అవసరమైనవాళ్లకి వెంటనే ఇచ్చేస్తాం.”

“ఏ పిల్లలకి సార్? కొలతలు కావాలి కదా.”

“ఇప్పుడే ఎలా చెబుతాం? వచ్చే ఏడాదికి.”

“అంటే ఇంకా పుట్టని పిల్లలకా?”

సూపరింటెండెంటు టీ గ్లాసు కింద పెట్టాడు. వడ్రంగి లేచి నిలబడ్డాడు. “కుర్చీలొద్దు సార్. ఇంకో ఇద్దరు నర్సమ్మల్ని వేయించండి. పసిపిల్లల తొడుగులు కొని మంచానికొకటి వేలాడదీయించండి.”

“అది నా చేతుల్లో లేదు. కుర్చీలకైతే దాత ఉన్నాడు.”

ఆయన చేయనన్నాడు. ఇంటికొచ్చి చెబితే భార్య మెచ్చుకోలేదు. “మీరు చేయనంటే పిల్లలు పుట్టడం ఆగుతుందా?” అంది.

ఆగలేదు. నెల తిరిగేసరికి ఎక్కడి నుంచో ప్లాస్టిక్ కుర్చీలు పది వచ్చి, దాత పేరుతో ఆస్పత్రి వరండాలో వరసగా నిలబడ్డాయి. తర్వాత ఒక్కటొక్కటే ఆయన ఇంటికి రావడం మొదలైంది. తల ఆనదు, నడుం జారిపోతుంది, కాస్త సరిచేసి పెట్టమని తల్లులు తెచ్చేవారు. ఆయన కాదనలేదు. స్పాంజి కోసి, చెక్క దిమ్మలు చెక్కి, వాటినే ఆ పిల్లలకు సరిపడేలా బిగించి ఇచ్చాడు.

ఏడాదిన్నరలో ఎనిమిది వచ్చాయి. ఆస్పత్రిలో ఇంకా రెండున్నాయి. కాన్పుల గదిలో ఇప్పటికీ ఒక్క నర్సమ్మే.