బుడగలకు దూరంగా

కోదాడలో అలంకార చేపల దుకాణం నడిపే మల్సూర్ ఏ తొట్టి దగ్గరికి వెళ్లినా ముందు నీళ్లలో చెయ్యి పెట్టడు. ఎదురుగా పీట వేసుకుని పావుగంట ఊరకే కూర్చుంటాడు. గడియారం చూస్తూ, చేప మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు తెరుచుకుంటున్నాయో లెక్కపెడతాడు. సూర్యాపేట దాకా తొట్లు పెట్టుకున్నవాళ్లు అతని వెనక నవ్వుకుంటారు. చేప డీలాపడితే మాత్రం అతనికే ఫోన్ చేస్తారు.

ఆ పొద్దున మిర్యాలగూడ నుంచి రైస్ మిల్లు వారి కోడలు వాసవి పిలిచింది. ఉప్పునీటి తొట్టిలోకి నాలుగు రోజుల కిందట తెచ్చిన పసుపు చేప మేత ముట్టడం లేదు.

ఇల్లు మిల్లు గోదామును ఆనుకుని ఉంది. తొట్టి ఉన్న గదిలోనే మంచం మీద వాసవి అత్త ఈశ్వరమ్మ పడుకుని ఉంది.

"వచ్చినవా డాక్టరూ," అందామె కళ్లు తెరవకుండానే. "నీసు ముట్టని ఇంట్ల సేపకు సేవలు. మూడు దినాల నుంచి నా తల తిరుగుతాంటే అడిగెటోళ్లు లేరు."

"అడిగిన గద అత్తమ్మా. ఉపాసాలు జర తగ్గించుమంటే వింటివా?" అంది వాసవి.

మల్సూర్ పీట వేసుకున్నాడు. చేప ఒంటి మీద ఉప్పురవ్వల్లాంటి తెల్లచుక్కలు లేవు. బూడిద పొర లేదు. రాళ్లకు ఒళ్లు రుద్దుకోవడం లేదు. నీళ్లలో ఉప్పు సరిగానే ఉంది. మొప్పలు మాత్రం నిమిషానికి నూట నలభై.

ఆయాసపడే చేప గాలి బుడగల దగ్గరికి వస్తుంది. ఇది వాటికి వీలైనంత దూరంగా, మూల అద్దానికి మూతి ఆనించి నిలబడింది. పాత చేపలు రెండూ దాని వెనకే వరసగా నిలబడ్డాయి. మొప్పలు తప్ప ఏదీ కదలడం లేదు.

ఇన్నేళ్లలో అతను అలాంటిది చూడలేదు. వంగి, బుడగల వాసన చూశాడు.

"మేతల వెల్లుల్లి రసం కలిపిండ్రా అమ్మా? తినని సేపకు కొందరు కలుపుతరు."

"కార్తీకం అన్నా. ఈ నెలంతా ఇంట్లకు వెల్లుల్లి రానియ్యం."

మల్సూర్ లేచాడు. గాలి గొట్టం పట్టుకుని దాని వెంట గోడ దాకా నడిచాడు. గాలి తోడే మోటారు చప్పుడుకు పెద్దామె నిద్ర చెడుతుందని, దాన్ని గోడలోని చిన్న కిటికీ అవతల, గోదాము వైపు పెట్టారు. గొట్టం కోసం ఆ కిటికీ తెరిచే ఉంది. దాని కిందే ఈశ్వరమ్మ తల.

"గోదాంల మందు బిళ్లలు పెట్టిండ్రా? ఆ విషపు గాలి వెల్లుల్లి వాసనే కొడ్తది."

"బియ్యానికి పురుగు పడ్తాందని మూడు దినాల కింద పెట్టిచ్చిన్రు. పైన పట్టా కప్పిన్రు గద."

"సేపకు ఏ రోగం లేదమ్మా. పెద్దమ్మను బయటికి తీస్కపోదాం. పట్టు."

ఇద్దరూ ఆమెను ఎత్తుకుని వాకిట్లోకి తెచ్చారు.

దవాఖానకు పోయే ఆటోలో ఈశ్వరమ్మ బయటి గాలి వైపు తిరిగి, పక్క కమ్మీకి మూతి ఆనించి కూర్చుంది. మల్సూర్ గడియారం వైపు, ఆమె పక్కటెముకల వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఊపిరి ఎంతున్నదన్నా?" అంది వాసవి.

అతను గడియారాన్ని దగ్గరికి తిప్పుకున్నాడు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.