ప్రసాదం తినని మితాన్

మా పార్టీ కొత్త రాష్ట్రంతో పాటే పుట్టింది. రాయపూర్‌లో ఒక సైకిల్ దుకాణం మీది గదిలో పుట్టి, అదే గదిలో ముక్కలైంది. దాన్ని పెట్టిన పెద్దాయన ఆరంగ్‌లో బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. ప్రతి సభ్యుడూ వేరే కులంలోనో వేరే భాషలోనో ఒక మితాన్‌ని చేసుకోవాలన్నది ఆయన నియమం. మిగతా పార్టీలకూ మాకూ తేడా అదొక్కటే.

మితాన్ అంటే ఈ ప్రాంతంలో ప్రమాణం చేసి కలుపుకున్న స్నేహితుడు. దేవుడి ప్రసాదం ఒకరికొకరు తినిపించుకున్నాక ఆ బంధం చచ్చేదాకా తెగదంటారు. ఆ రోజునుంచి ఇద్దరూ పేరుపెట్టి పిలుచుకోరు, మితాన్ అనే అంటారు. నా మితాన్ అభన్‌పూర్ దగ్గరి రైతు. నేను శ్రీకాకుళం వైపునుంచి రైల్వే పనికి వచ్చిన కూలీ మనవణ్ణి, ఇక్కడే పుట్టినవాణ్ణి.

ప్రసాదం దగ్గర నేను అడ్డం తిరిగాను. మనిషి ఇచ్చిన మాటకు దేవుడు జామీను ఉండాలా అని వాదించాను. పెద్దాయన ఒప్పుకున్నారు. నా మితాన్ మాత్రం తెచ్చిన ప్రసాదం పొట్లం మళ్ళీ కట్టేసి, నీ ఇష్టం అన్నాడు. అందరి ముందూ ఒకే కంచంలో చద్దన్నం తిన్నాం, ఉల్లిపాయ నంజుకుని.

పెద్దాయన పోయాక పార్టీ రెండు గుంపులైంది. ఒక గుంపు పెద్ద పార్టీలో కలిసిపోయి టికెట్లు తెచ్చుకుందామంది. రెండోది ఈ మట్టికే పార్టీ అంది. నేను రెండో గుంపులో నిలబడ్డాను. ఆ గుంపే ఒక తీర్మానం తెచ్చింది: తాత ఈ మట్టిలో పుట్టనివాడు పార్టీలో ఏ పదవిలోనూ ఉండకూడదు, సభ్యుడిగా కూడా కొనసాగకూడదు. కులాన్ని గుమ్మంలోంచి గెంటి, కిటికీలోంచి దాని తమ్ముణ్ణి పిలిచారు.

మా అమ్మ విని మండిపడింది. "మీ తాత కంకర మోసిన ఊరురా ఇది. నువ్వు పరదేశీవా? ఏటి మాటలివి? పోయి నీ మితాన్‌ని సీదా అడిగేయ్."

బస్సెక్కి అభన్‌పూర్ వెళ్ళాను. కమిటీలో చేతులు సగం సగంగా ఉన్నాయి. నా మితాన్ కూడా కమిటీలోవాడే, అతని చెయ్యి ఎటు లేస్తే తీర్మానం అటు. అతను కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, అన్నం పెట్టాక అడిగాడు.

"ఓటు కోసం వచ్చావా మితాన్, అన్నం కోసం వచ్చావా?"

"న్యాయం కోసం."

"అది ఇవాళ మా ఇంట్లో వండలేదు," అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వునే హామీ అనుకుని తిరిగొచ్చాను.

సమావేశంలో నాకు తెలిసిన వాదాలన్నీ చెప్పాను. పుట్టుక ఎవరి ఘనతా కాదన్నాను. ఇవాళ తాతను అడిగినవాళ్ళు రేపు ముత్తాతను అడుగుతారన్నాను. వాదంలో గెలిచాను. అయినా తీర్మానం వైపే చేతులు లేచాయి. అందులో ఎండకు నల్లబడ్డ ఆ చెయ్యి కూడా ఉంది. నాతో ఒకే కంచంలో తిన్న చెయ్యి.

మెట్లమీద అతన్ని ఆపాను. ఎందుకని అడిగాను. ఊళ్ళో తన మనుషులంతా ఆ తీర్మానం వైపే ఉన్నారన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "మనం ప్రసాదం తినలేదు. తిని ఉంటే నా చెయ్యి లేచేది కాదు, ఊరు తన్నినా సరే. వద్దన్నది నువ్వే."

నాకు కోపం రాలేదు. దేవుడి భయం ఉంటేనే నిలిచే మాట మాటే కాదని నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ నమ్మకం తప్ప నాకిప్పుడు పార్టీ లేదు, నిలబడే చోటు లేదు. మట్టివాళ్ళు మళ్ళీ చీలారు, ఈసారి జిల్లాల పేరు మీద. కలిసిపోయినవాళ్ళు కనబడకుండా పోయారు. ఆ గదిలో ఇప్పుడు మొబైళ్ళు బాగుచేస్తున్నారు.

మొన్న బస్టాండులో అమ్మను ఆటో ఎక్కిస్తుంటే వెనకనుంచి ఎవరో పిలిచారు. నా పేరు పెట్టి, చివర జీ చేర్చి. గొంతు గుర్తుపట్టాను. ఇన్నేళ్ళలో అతని నోట నా పేరు వినడం అదే మొదటిసారి. తిరిగి చూశాను. చేతులు జోడించి, బాగున్నారా అని అడిగాడు.

బాగున్నానని చెప్పాను. నేనూ అతన్ని పేరు పెట్టే పిలవాలి కదా, నోరు తిరగలేదు.

ఆటోలో అమ్మ, "నీ మితాన్ కదూ?" అంది. ఎవరో తెలిసినాయన అన్నాను.