పన్నెండు సాంచాల నడుమ ఒక పిలుపు

పోయిన శ్రావణంలో, పౌర్ణమికి మూడు రోజుల ముందు, మంగళవారం ఉదయం పదీ ఇరవైకి మా ఊళ్ళో కుంఠా నాకా కూడలి దగ్గరి కార్ఖానాలో, నడుస్తున్న పన్నెండు సాంచాల మధ్య నా కూతురు నిలబడింది. మరమగ్గాలను మేము సాంచాలంటాం. అక్కడి గోడ గడియారం నాలుగు నిమిషాలు ముందుంటుంది. నేను చెప్పేది నా చేతి గడియారం లెక్క.

ముప్పై రెండేళ్ళ కింద అదే కార్ఖానాలో, ఆరో సాంచా దగ్గర, నా భర్త గుండె ఆగి పడిపోయాడు. అన్నం గిన్నె పట్టుకుపోయిన కూతురే ముందు చూసింది. దానికప్పుడు పదకొండేళ్ళు. "బాపూ, బాపూ" అని అరిచింది. ఆ మోతలో ఎవరికీ వినపడలేదు. పక్క సాంచా ఆయన నూలు కండె మార్చబోయి ఇటు తిరిగే దాకా అరుస్తూనే ఉంది. వెంటనే తీసుకొచ్చినా బతికేవాడు కాదని డాక్టరు చెప్పాడు. నేను నమ్మాను. అది నమ్మలేదు. ఆ రోజు నుంచి 'బాపు' అన్న మాట దాని నోట రాలేదు. ఫొటో చూపించాల్సి వచ్చినా "ఆయన" అనేది.

మేము పద్మశాలీలం. మార్కండేయుడు మా మూలపురుషుడు. పదహారో ఏట యముడు వస్తే ఆ పిల్లవాడు లింగాన్ని కావలించుకుని పిలిచాడని, శివుడు వచ్చాడని ఇంటింటా చెప్పుకుంటాం. తండ్రి పోయిన మరుసటి ఏడు, శ్రావణ పౌర్ణమికి ఊరేగే మార్కండేయుడి రథం ముందు దండం పెట్టమంటే నా కూతురు చేతులు వెనక్కి కట్టుకుంది.

"ఆ పోరని పిలుపు దేవునికి ఇనొచ్చింది. నాది ఇనరాలె. ఏమ్మా, కైలాసంల గుడ సాంచలు నడుస్తున్నయా?"

నెత్తిన ఒకటి మొట్టాను.

ఇప్పుడు అది పుణెలో కళాకారిణి. చద్దర్లు వేలాడదీసి వాటి మీద బొమ్మలు ఆడిస్తుంది, చీకటి గదుల్లో చప్పుళ్ళు వినిపిస్తుంది. దాన్ని మల్టీమీడియా అంటారట. మా వాడలో "సినిమా బిడ్డ" అంటారు. ఇంతవరకు చేసినవి నాలుగు. నాలుగింటిలోనూ ఎవరో నోరు తెరుస్తారు, గొంతు రాదు. ఒకదాంట్లో గుడి గంటలు ఊగుతాయి, మోగవు. లింగం చుట్టూ రెండు చిన్న చేతులు మాత్రం ప్రతి దాంట్లో ఉంటాయి. దేవుడితో ఇంత కాలం అలిగి ఉండటం కూడా ఒక భక్తేనని నాకనిపిస్తుంది.

ఐదోదానికి కార్ఖానా కావాలంది. సాంచాలు నడుస్తుండగా 'బాపూ' అని పిలుస్తుందట. మైకులో మోత తప్ప ఏమీ పడదట. అదే జనానికి వినిపిస్తుందట. ఇంట్లో రెండుసార్లు పిలిచి చూడబోయింది. రెండుసార్లూ ఊపిరి అందక చాప మీద కూలబడింది. మూడోసారికి ఏమవుతుందోనని నేను వెంట పోయాను.

కార్ఖానా సేట్ నవ్వాడు. "బంద్ జేయమంటరని భయపడ్డ వదినె. నడిపియ్యమంటె నాకేం త్రాస్, ఏం తిప్పల?"

ఆనాటి పక్క సాంచా ఆయన ఇంకా అక్కడే పని చేస్తున్నాడు, ముసలివాడయ్యాడు. "బిడ్డా, ఈ మోతల నా పెండ్లాం తిట్లే ఇనరావు. గందుకే ఇంటికంటె ఈడనే ఎక్కువుంట," అన్నాడు.

"ఇనరావద్దనే వచ్చిన కాకా," అంది నా కూతురు.

సాంచాలు మొదలయ్యాయి. అది మైకు పట్టుకుని నడి దారిలో నిలబడింది. మొదట నోరు తెరుచుకోలేదు. ముఖం తెల్లబడింది. స్తంభం పట్టుకుంది. నేను లేచి రెండడుగులు వేశాను. అప్పుడు పిలిచింది. పది అడుగుల దూరంలో ఉన్న నాకు ఏమీ వినపడలేదు. పెదవులు కలిసి, విడిపోయి, మళ్ళీ కలవడం చూశాను.

ముసలాయన సాంచా ఆపాడు. ఆయన ఎదుటివాడు ఆపాడు. తర్వాత ఆ వరుస, తర్వాత ఈ వరుస. అప్పటికే మొదలైన రెండో పిలుపు నిశ్శబ్దంలోకి వచ్చి పడింది.

"బాపూ!"

రేకుల కప్పు మీది పావురాలు లేచాయి.

"ఏమైంది బిడ్డా?" అంటూ ముసలాయన పరుగున వచ్చాడు.

"ఎందుకాపిన్రు కాకా? ఇనొచ్చిందా?"

"ఇనుడేంది, జూసిన. కార్ఖానల చెవులతోని ఎవడింటడు? కండెలడిగినా, బీడీ అడిగినా మూతి జూసే గద!" వెనక దర్వాజా వైపు చెయ్యి చూపి అన్నాడు. "ఆ దినం నువ్వు ఎనక దర్వాజల నిలబడి మా ఈపులను పిలిచినవ్. మా మొకాలు ఇటుంటె ఒక్కడన్న ఆగకపోవునా?"

నా కూతురు కింద కూర్చుంది. ఊపిరి బాగానే ఆడుతోంది, నేను చూశాను. ఏడ్చింది, ముక్కు తుడుచుకుంది, చాయ్ కావాలంది. నేనూ పక్కనే కూలబడ్డాను.

మళ్ళీ తీద్దామని సేట్ అంటే అక్కర్లేదంది. పిలుపు వినపడి చెడిపోయిన ఆ రికార్డునే ఉంచుకుంది. పౌర్ణమి నాడు రథం చూడటానికి అశోక్ చౌక్‌కు నాతో వచ్చింది. దండం పెట్టిందో లేదో చెప్పలేను. నేను కళ్ళు మూసుకుని ఉన్నాను.

ఆ మంగళవారం పోయినవి: ఒక్కసారిగా ఆపడంతో మూడు సాంచాల మీద తెగిన పోగులు, పోగును అటూ ఇటూ లాక్కుపోయే నాడె విరిగినది ఒకటి, సేట్‌కు నలభై నిమిషాల పని, గుమ్మం బయట విడిచిన నా చెప్పుల జత. చెప్పులు ఎవరో వేసుకుపోయారు. కొని తొమ్మిది రోజులే.